కొట్టాడు, కొట్టాడట

రావులపాలెం దగ్గర ఒక ఊరి గ్రంథాలయం మేడ మీద ఆదివారం మధ్యాహ్నం. కింద అరటి గెలల లారీ వెనక్కి వస్తూ హారను మోగిస్తోంది. పైన తొమ్మిది మంది లా విద్యార్థులు మూడు బల్లలు కలిపి కోర్టు కట్టారు. జడ్జి గారి బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ కూడా పరిచారు. ఎవరింట్లోంచి తెచ్చారో గానీ దాని అంచు పొడుగునా నెమళ్ళున్నాయి. బోనుకు బదులుగా ఒక ప్లాస్టిక్ కుర్చీ పెట్టారు. దాని వీపు పట్టుకుని ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. ఆయన విద్యార్థి కాదు, నటుడూ కాదు. గెలలు మోసే మనిషి. వారం కిందట గ్రంథాలయం ముందు ఇద్దరు విద్యార్థులు కావాలని తగాదా పడ్డారు. అప్పుడు పక్క పాకలో టీ తాగుతున్న ముగ్గురిని తర్వాత బతిమాలి సాక్షులుగా పిలుచుకున్నారు. వాళ్ళకు కాగితం ఇవ్వలేదు, పాఠం చెప్పలేదు. తెలిసింది తెలిసినట్టు చెప్పమన్నారు, అంతే.

ప్రాసిక్యూషన్ తరఫున నిలబడ్డ కుర్రవాడు అడిగాడు. "ముందు ఎవరు కొట్టారండి?"

"తెల్ల చొక్కా అబ్బాయి కొట్టాడటండి."

జడ్జి స్థానంలో ఉన్న అమ్మాయి వెంటనే టైపు చేసే అబ్బాయికి ఇంగ్లీషులో వాక్యం చెప్పింది. తెల్ల చొక్కా వేసుకున్న ముద్దాయి మొదట కొట్టాడు అని. అబ్బాయి టకటకా కొట్టేశాడు. ముద్దాయి తరఫు విద్యార్థిని తన కాగితాల్లో తర్వాతి ప్రశ్న వెతుక్కుంటోంది. విచారణ ముందుకు సాగిపోయింది. నేను చెయ్యెత్తి ఆపాను. ఇప్పుడు సాక్షి గారు చెప్పినదాంట్లో మీరేం వదిలేశారో చెప్పండి అన్నాను. తొమ్మిది మందీ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకరు తేదీ అన్నారు, ఒకరు వెలుతురు అన్నారు, ఒకరు చొక్కా రంగు అన్నారు. చివరికి నేనే ఆయన్ను అడిగాను, కొట్టడం మీరు చూశారా అని.

"లేదండి. నేను టీ గ్లాసు పెట్టి తిరిగేసరికి ఇద్దరూ కింద పడి ఉన్నారు. మా తమ్ముడు చెప్పాడు."

"మరి ఆ మాట ముందే ఎందుకు చెప్పలేదు?" అని ప్రాసిక్యూషన్ కుర్రవాడు కాస్త కోపంగానే అడిగాడు.

"చెప్పాను కదండీ," అన్నాడాయన, ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు చూస్తూ. "కొట్టాడట అన్నాను."

ఇరవై రెండేళ్ళుగా కోనసీమలో వకీలు పని చేస్తున్నాను. మా వైపు జనం ఇప్పటికీ మునసబు కోర్టు అనే పిలిచే చోట సరిహద్దు దావాలు, భాగపంపకాలు, ప్రామిసరీ నోట్లు, అప్పుడప్పుడు కొట్లాట కేసులు చూసుకుంటాను. లా విద్యార్థులకు కోర్టు పని ఎలా నేర్పాలన్న విషయం మీద చాలా కాలంగా నాకొక పేచీ ఉంది. ఆ ఆదివారం ఆ పెద్దాయన దాన్ని నాకంటే బాగా చెప్పేశాడు. మన పిల్లలు జడ్జితో మాట్లాడటం నేర్చుకుంటున్నారు గానీ సాక్షి మాట వినడం నేర్చుకోవడం లేదు. ఆ వినడం తెలుగులో నేర్చుకోవాలి. ఇంగ్లీషులో దాన్ని నేర్పడం కుదరదు.

నోటి సాక్ష్యం ప్రత్యక్షంగా ఉండాలని మన సాక్ష్య చట్టం చెబుతుంది. చూసిన సంగతి చూసినవాడే చెప్పాలి, విన్న సంగతి విన్నవాడే చెప్పాలి. 1872 నాటి చట్టంలో ఇది 60వ సెక్షను. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 55వ సెక్షను. పరోక్ష సాక్ష్యం అంటే ఏమిటో, దానికి మినహాయింపులేమిటో కాలేజీలో వారాల తరబడి పాఠం చెబుతారు. ఆ పాఠం మొత్తాన్ని తెలుగు ఒక్క అక్షరంలో ఇముడ్చుకుంది. కొట్టాడు అంటే నేను చూశాను, ఆ మాటకు పూచీ నాది. కొట్టాడట అంటే ఎవరో చెప్పారు, పూచీ నాది కాదు. బడి ముఖం చూడని మనిషి కూడా ఈ తేడా తప్పడు. ఇంగ్లీషులో ఈ తేడా క్రియ చివర కనిపించదు, వేరే వాక్యం కట్టుకుంటే తప్ప. అందుకే సాక్షి నోట్లోంచి బయటికి వచ్చిన 'ట' టైపు మిషను దాకా చేరకుండానే రాలిపోతుంది. ఇంగ్లీషులో పెరిగిన మన మూట్ కోర్టు (కాలేజీలో పెట్టే నమూనా కోర్టు) విద్యార్థి చెవికి అది సోకనే సోకదు.

కాలేజీల్లో ఏమీ జరగడం లేదని అనను. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నిబంధనల ప్రకారం మూట్ కోర్టు, ఇంటర్న్‌షిప్ కలిపి 100 మార్కుల పేపరు ఉంది. అందులో మూడు మూట్లకు 30 మార్కులు. ఒక సివిల్, ఒక క్రిమినల్ విచారణ స్వయంగా చూసి రాసినందుకు 30. పార్టీతో, అంటే కక్షిదారుతో, మాట్లాడి కేసు తెలుసుకోవడానికి, కోర్టు కాగితాలు తయారయ్యే తీరు గమనించి డైరీ రాయడానికి 30. మౌఖిక పరీక్షకు 10. కాగితం మీద ఇంతకంటే చక్కని ఏర్పాటు ఏముంటుంది? అయితే ఆ డైరీల సంగతి మా బార్ హాల్లో అందరికీ తెలుసు. మా గుమాస్తా దగ్గరికి పరీక్షల ముందు పిల్లలు వస్తారు, పాత కేసు ఒకటి ఇవ్వండి సార్, రాసుకుంటాం అని. ఒకే దావాను వరుసగా మూడేళ్ళు మూడు బ్యాచ్‌ల వాళ్ళు 'చూసి' రాశారు. ఆ దావా అంతకు చాలా ముందే రాజీ అయిపోయింది. వాది కాలం చేశాడు కూడా.

ఇక మూట్ సంగతి. మూట్ అంటే దాదాపుగా అప్పీలు. సంగతులు ముందే తేలిపోయి ఉంటాయి. ఎవరు ఏం చేశారన్నది అచ్చు వేసిన కాగితం మీద ఉంటుంది, దాన్ని ప్రశ్నించడానికి వీల్లేదు. మిగిలేది చట్టం మీద వాదన. నల్ల కోట్లు వేసుకుని, ఇంగ్లీషులో, తీర్పులు ఉటంకిస్తూ వాదిస్తారు. 1960లో మొదలైన జెస్సప్ పోటీ అంతర్జాతీయ న్యాయస్థానాన్ని అనుకరిస్తుంది. దేశాలకు దేశాలకు మధ్య తగాదాలు అక్కడి విషయం. వాటి మీద నాకు చిన్నచూపు లేదు. ఆ పోటీలకు వెళ్ళిన పిల్లలు చట్టం వెతకడంలో, రాతలో మా తరం కంటే ఎంతో మెరుగు. కానీ ఆలమూరులోనో ముమ్మిడివరంలోనో రేపు వాళ్ళ ముందు నిలబడేది దేశం కాదు. పంట బోదెకు అడ్డుకట్ట వేశాడని పక్క రైతు మీద కేసు పెట్టిన మనిషి. అక్కడ సంగతులే తేలవు. సంగతులు తేల్చడమే అక్కడి పని.

ఈ పని నాకు ఎలా వచ్చిందో చెప్పాలి. రాలేదనే చెప్పాలి.

ప్రాక్టీసు మొదలుపెట్టిన రెండో ఏడు. పక్కపక్క కొబ్బరి తోటలు, మధ్యలో గట్టు, గట్టు మీద ఏడు చెట్లు. గట్టూ చెట్లూ నావే అని వాది దావా వేశాడు. నేను ప్రతివాది తరఫు. మా సీనియరు గారికి ఆ రోజు వేరే కోర్టులో పని పడి, వాది తరఫు రెండో సాక్షిని నువ్వు క్రాస్ చెయ్యి, అంటే ఎదురు ప్రశ్నలు వెయ్యి, అని ఫైలు నా చేతిలో పెట్టి వెళ్ళిపోయారు. సాక్షి దింపు కార్మికుడు. రెండు తోటల్లోనూ చెట్లెక్కేది ఆయనే. రాత్రంతా కూర్చుని పదహారు ప్రశ్నలు రాసుకున్నాను. మొదటి పదిహేనూ బ్రహ్మాండంగా నడిచాయి. నీకు దస్తావేజులు తెలియవు కదా, తెలియవండి. సర్వేయరు వచ్చినప్పుడు నువ్వు లేవు కదా, లేనండి. వాది తోట ఎన్ని సెంట్లో నీకు తెలియదు కదా, తెలియదండి. వాది దగ్గర కూలి తీసుకుంటావు కదా, తీసుకుంటానండి. అక్కడ కూర్చుని ఉంటే నేనీ వ్యాసం మరోలా రాసేవాణ్ణి. పదహారో ప్రశ్న అడిగాను. గెలుపు ముందే కనిపిస్తున్న గొంతుతో అడిగాను.

"మరి ఆ ఏడు చెట్లు వాదివని ఎలా చెబుతున్నావు?"

"దింపు తీసినప్పుడల్లా మీ పార్టీ గారే ఆ ఏడు చెట్ల కాయలు వేరే కుప్ప పోయించి, ఇవి వాళ్ళవి, వాళ్ళ దొడ్లో పడేసి రా అనేవారండి."

జడ్జి గారు ఆ వాక్యాన్ని చాలా నింపాదిగా చెప్పి రాయించారు. టైపు మిషను చప్పుడు నాకిప్పటికీ వినిపిస్తుంది. క్రాస్‌లో 'ఎలా', 'ఎందుకు' అడిగితే సాక్షికి తలుపు తీసి లోపలికి రమ్మన్నట్టే. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదని కాదు, చెప్పే ఉంటారు. చెబితే వచ్చే విద్య కాదిది. ఈతలాంటిది. కాకపోతే నేను మునిగింది మా పార్టీ చెట్లతో.

ఆ రోజు నేను చేసిన రెండో తప్పు తెలియడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. వాది గారిని క్రాస్ చేసినప్పుడు మా సీనియరు మీరు అన్నారు. దింపు కార్మికుణ్ణి నేను నువ్వు అన్నాను. ఎవరూ చెప్పకుండానే, ఆలోచించకుండానే. మా తండ్రి వయసు మనిషి. మా కోర్టుల్లో ఈ జబ్బు ఇప్పటికీ ఉంది. పొలం ఉన్న సాక్షి 'మీరు', పొలంలో పనిచేసే సాక్షి 'నువ్వు'. అవమానించే ప్రశ్నలు అడగనివ్వకూడదని సాక్ష్య చట్టమే చెబుతుంది గానీ, సర్వనామం గురించి ఏమీ చెప్పదు. గ్రంథాలయం మేడ మీద ఆ పిల్లలు పెట్టుకున్న మొదటి నియమం నాకు ఎందుకు నచ్చిందంటే అందుకే. బోనులో ఎవరు నిలబడినా మీరే. తప్పితే ఆ పూట అందరి టీ డబ్బులూ తప్పినవాళ్ళవే.

అమెరికాలో ఈ విద్యను చేతితో చేయించి నేర్పే పద్ధతి ఒకటి స్థిరపడింది. 1971లో అక్కడ దీని కోసమే ఒక జాతీయ శిక్షణ సంస్థ పెట్టారు. ఒక కేసు ఫైలు ఇస్తారు, అందరూ అదే కేసు వంతులవారీగా నడుపుతారు, ప్రతి ఒక్కరినీ ఆపి, ఎక్కడ జారావో చూపించి, మళ్ళీ చేయిస్తారు. పద్ధతి మంచిది, తెచ్చుకోవచ్చు. ఒక ప్రశ్నలో ఒక్క సంగతే ఉండాలి, చీఫ్‌లో, అంటే మన సాక్షిని మనమే ముందు విచారించేటప్పుడు, సాక్షి చేత చెప్పించాలి, క్రాస్‌లో మనం చెప్పి సాక్షి చేత ఒప్పించాలి. ఇవి ఏ దేశంలోనైనా ఒకటే. మన చట్టంలోనూ చీఫ్‌లో జవాబును ప్రశ్నలోనే పెట్టి అడగకూడదు, క్రాస్‌లో అడగవచ్చు. కానీ వాళ్ళ ఫైళ్ళతో పాటు వాళ్ళ వాక్యాలు కూడా దిగుమతి చేసుకుంటేనే చిక్కు.

మనకు 'కదా' ఉంది. క్రాస్‌కు ఇంతకంటే పదునైన పనిముట్టు ఏ భాషలోనైనా ఉంటుందా అని నాకు అనుమానం. వాక్యం చెప్పి చివర ఒక కదా తగిలిస్తే సాక్షికి మిగిలేది అవును, కాదు. కానీ ఆ అవును, కాదులే మనల్ని ముంచుతాయి. "మీరు అక్కడ లేరు కదా?" అంటే మా వాడు "అవునండి" అంటాడు. లేను, మీరన్నది నిజం అని దాని అర్థం. ఆ అవునును అలాగే ఇంగ్లీషులోకి దించితే, అక్కడ ఉన్నాను అని తేలుతుంది. "లేదండి" అన్నా అంతే. నేను లేను అనా, మీరు చెప్పేది నిజం కాదు అనా? చుట్టూ ఉన్న మనుషులకు తెలుస్తుంది, కాగితానికి తెలియదు. అందుకే నేను పిల్లలకు చెప్పేది ఒక్కటే. కదా పక్కన లేదును నిలబెట్టవద్దు. "మీరు ఆ సమయానికి టీ పాకలో ఉన్నారు కదా?" అని అడగండి. లేని చోటు గురించి కాదు, ఉన్న చోటు గురించి అడగండి.

ఇక మా గోదావరి వాళ్ళ 'ఆయ్' ఉంది. బయటివాళ్ళు దీన్ని హాస్యానికి వాడుకుంటారు గానీ కోర్టులో ఇది హాస్యం కాదు. ఆయ్ అంటే అవునండి అని ఒక అర్థం. వింటున్నానండి, చెప్పండి అని ఇంకో అర్థం. పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మర్యాదకు అనే మాట. వకీలు ఒక పెద్ద ప్రశ్న వేస్తూ మధ్యలో ఊపిరి పీల్చుకోవడానికి ఆగితే సాక్షి ఆయ్ అంటాడు. ఎక్కడో దూరం నుంచి బదిలీ మీద వచ్చిన జడ్జి గారు దాన్ని ఒప్పుకోలుగా రాయిస్తే, మర్యాద కాస్తా సాక్ష్యమైపోతుంది. బంధుత్వాలూ అంతే. మా ఊళ్ళలో పక్కింటివాడు బావ, ఎదురింటాయన మావయ్య, చెరువు గట్టు మీద కలిసేవాడు అన్నయ్య. కులం వేరైనా, రక్తం కలవకపోయినా. "మీరు వాదిని బావ అని పిలుస్తారు కదా?" అని అడిగి, అవునండి అనిపించుకుని, బంధువు గనుక నమ్మడానికి వీల్లేని సాక్షి అని వాదించినవాళ్ళు ఉన్నారు. నేనే ఒకసారి ఆ పని చేశాను. క్రాస్ అయ్యాక తన సాక్షిని మళ్ళీ ప్రశ్నించే వంతులో అవతలి వకీలు లేచి, "మిమ్మల్ని వాది ఏ వరసతో పిలుస్తారు?" అని అడిగాడు. "ఆయన కూడా బావ అనే అంటారండి, ఊళ్ళో అందరూ అంతేనండి" అన్నాడు సాక్షి. కోర్టు హాలంతా నవ్వింది.

కాలం, దూరం గురించి చెప్పాలంటే పెద్ద అధ్యాయమే అవుతుంది. కూతవేటు దూరం, బారెడు పొద్దెక్కాక, సార్వా కోతలప్పుడు, దాళ్వా ఊడ్పుల ముందు. పట్నంలో చదివిన కుర్రవాడు మీటర్లు చెప్పండి, గంట చెప్పండి అని సాక్షిని నలుపుతాడు. సాక్షి బెదిరి ఏదో అంకె చెబుతాడు. ఆ అంకె తప్పని రుజువు చేసి ఇవతలివాడు గెలిచాననుకుంటాడు. నిజానికి అక్కడ ఎవరూ ఏమీ తేల్చలేదు. వేసవిలో కాలువ కట్టేస్తారు, ఏరువాక ముందు వదులుతారు. కాలువ వదిలిన వారానికి గొడవ జరిగిందని సాక్షి అంటే అది గాలి మాట కాదు. నీళ్ళు వదిలిన తేదీ నీటిపారుదల శాఖ కాగితాల్లో ఉంటుంది, పత్రికల్లో వస్తుంది. ఆ తేదీ పట్టుకుంటే కేసు తేదీ దొరుకుతుంది. సాక్షి తన కొలతల్లో తాను చెప్పాలి, దాన్ని క్యాలెండరు మీదికి తెచ్చుకునే పని వకీలుది. రాత్రి జరిగిన సంఘటన అయితే ప్రతి ఇంటి గోడకూ తిథులతో సహా క్యాలెండరు వేలాడుతూనే ఉంటుంది. వెన్నెల్లో గుర్తుపట్టాను అన్నవాడికి అమావాస్య చూపించడానికి ఏ ఫోరెన్సిక్ ప్రయోగశాలా అక్కర్లేదు.

వెలుతురు అన్నాను కాబట్టి ఒక తీర్పు చెప్పకుండా ఉండలేను. సుప్రీం కోర్టు 1959లో ఇచ్చిన తహసీల్దార్ సింగ్ తీర్పు. క్రాస్ నేర్చుకునే ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు దాని దగ్గరికి రాకతప్పదు. పోలీసులకు ఇచ్చిన వాంగ్మూలంలో లేని మాట సాక్షి కోర్టులో కొత్తగా చెబితే ఏం చేయాలన్నది ప్రశ్న. గ్యాసు లాంతరు ఉందని దర్యాప్తు అధికారికి చెప్పారా అని ముద్దాయిల వకీలు అడగబోతే కింది కోర్టు అడగనివ్వలేదు. చివరికి ఆ ప్రశ్న సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది. మెజారిటీ తీర్పు రాసినవారు జస్టిస్ కోకా సుబ్బారావు, 1902లో రాజమహేంద్రవరంలో పుట్టిన మనిషి. ఆ ఊరి ఆర్ట్స్ కాలేజీలోనే చదువుకున్నారు, 1966లో దేశ ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. మా పిల్లలకు ఆయన పేరు ప్రాథమిక హక్కుల మీద తీర్పిచ్చిన గోలక్‌నాథ్ కేసుతోనే తెలుసు. రోజూ కింది కోర్టుల్లో పనికొచ్చేది మాత్రం ఈ లాంతరు తీర్పే. ప్రతి వదిలివేతా వైరుధ్యం కాదు. ముందు చెప్పినదానికీ ఇప్పుడు చెప్పేదానికీ పొత్తు కుదరనంత ముఖ్యమైన సంగతి వదిలేస్తేనే వైరుధ్యం. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడులో 162వ సెక్షను కింద ఈ ఆలోచననే వివరణగా చేర్చారు. ఇప్పుడది ఆ కోడు స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్)లో 181.

తీర్పు చదవడం ఒక ఎత్తు, ఆ పని చేయడం ఇంకో ఎత్తు. గ్రంథాలయం పిల్లలు రెండో కేసుగా బోదె నీళ్ళ కొట్లాట రాసుకున్నారు. రాత్రిపూట సంఘటన. మోటారు షెడ్డు దగ్గర బల్బు వెలుగులో చూశానని కోర్టులో సాక్షి చెబుతాడు. పోలీసు వాంగ్మూలంలో బల్బు ఊసే లేదు. మొదటిసారి ముద్దాయి తరఫు విద్యార్థి ఏం చేశాడంటే, ఉత్సాహం పట్టలేక "మీరు అబద్ధం చెబుతున్నారు" అనేశాడు. సాక్షి కాదన్నాడు. అంతటితో ఆ వెలుతురు అతని చేతిలోంచి జారిపోయింది. రెండోసారి చేయించాను. ముందు సాక్షిని ఇప్పుడు చెప్పిన మాటకు కట్టేయాలి. బల్బు వెలుగు వల్లే మనిషిని గుర్తుపట్టారు కదా? పట్టానండి. మర్నాడు పోలీసులకు అన్నీ గుర్తున్నప్పుడే చెప్పారు కదా? చెప్పానండి. అప్పుడు కొట్లాట గురించి, కర్ర గురించి, అరుపుల గురించి చెప్పారు కదా? చెప్పానండి. బల్బు వెలుగుతోందని చెప్పారా? చెప్పానండి. అక్కడితో ఆగాలి. ఒక్క అక్షరం కూడా ఎక్కువ అడగకూడదు. తర్వాత దర్యాప్తు అధికారి బోనెక్కినప్పుడు, ఈ సాక్షి తమకు బల్బు గురించి చెప్పాడా అని అడిగి రికార్డు చేయించుకోవాలి. ఈ రెండో మెట్టు మరిచిపోతే మొదటి మెట్టు గాలిలో వేలాడుతుంది. చాలామంది సీనియర్లే మరిచిపోతారు. ఆ కుర్రవాడు మూడోసారికి గానీ పట్టుకోలేదు. పట్టుకున్నాక అతని ముఖం చూడాలి, చేప చిక్కినట్టు.

ఇక్కడ ఇంకొకటి. మన కోర్టుల్లో సాక్ష్యాన్ని సాధారణంగా ప్రశ్నలు, జవాబులుగా రాయరు. కథనంలాగా రాస్తారు, చట్టమే అలా చెబుతుంది. కాబట్టి మీరు ఎంత గొప్పగా ప్రశ్న అడిగారన్నది కాగితం మీద మిగలదు. మిగిలేది జడ్జి గారు రాయించిన వాక్యం. "నేను అబద్ధం చెబుతున్నాననుట నిజము కాదు" అనే వాక్యం మన రికార్డుల్లో ఎన్ని లక్షల సార్లు ఉందో లెక్కపెట్టినవారు లేరు. అది సాక్షి మాట కాదు, వకీలు మాటా కాదు, అచ్చు పోసిన ఇటుక. అందుకే చెవి ఒకటి సాక్షి మీద, ఒకటి టైపిస్టు మీద ఉండాలి. ట రాలిపోయిందని వినిపించిన క్షణంలోనే లేచి, సాక్షి ఆ మాట ఎవరో చెప్పగా విన్నానన్నాడు, దయచేసి అలా రాయించండి అని మర్యాదగా అడగాలి. దీన్ని ఏ మూట్ కోర్టూ నేర్పదు, ఎందుకంటే అక్కడ టైపిస్టే ఉండడు.

దీనికి ఎదురు వాదన ఉంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయను. ఒక లెక్చరరు గారు నాతో అన్నారు. "మీరు తెలుగు తెలుగు అంటారు. ఈ పిల్లలు రేపు హైకోర్టుకు వెళ్ళాలి, కంపెనీల్లో ఉద్యోగాలు చేయాలి. డెల్టా పిల్లలకు ఇంగ్లీషు వాదన అలవాటయ్యే చోటు మూట్ ఒక్కటే. దాన్ని కూడా లాగేసుకుంటారా?" ఇది నిజమైన బాధ. రెండో శ్రేణి ప్లీడరుగా రాజమహేంద్రవరంలో బాగా సంపాదించిన టంగుటూరి ప్రకాశం పంతులు గారు పై కోర్టుకు వెళ్ళే అర్హత కోసం 1904లో సముద్రం దాటి లండన్ వెళ్ళి బారిస్టరై వచ్చారు. ఆ దారి మూసేయాలని ఎవరంటారు? నేననేది మూట్ వద్దని కాదు, మూట్ ఒక్కటే చాలదని. పై కోర్టులో ఇంగ్లీషులో వాదించే ప్రతి వాదనా కింద ఎక్కడో ఒక పెద్దాయన తెలుగులో చెప్పిన మాట మీదే నిలబడుతుంది. ఆ మాట కింద చెడిపోతే పైన ఏ ఇంగ్లీషూ దాన్ని బాగుచేయలేదు. అన్నట్టు ప్రకాశం గారు కుర్రతనంలో నాటకాల్లో వేషాలు కట్టారు. దాన్ని పట్టుకుని, వకీలుకు నటన రావాలి అని మా బార్ హాల్లో ఒకాయన తరచూ అంటుంటారు. నాటకంలో ఎదుటి పాత్ర ఏం చెబుతుందో ముందే తెలుసు కదండీ, అక్కడే తేడా.

ఇంకో వాదన, సీనియరు దగ్గర చేరితే అన్నీ వస్తాయి అని. ఒకప్పుడు ఏడాది పాటు సీనియరు దగ్గర శిక్షణ తప్పనిసరిగా ఉండేది. 1973 సవరణతో ఆ నిబంధన పోయింది. బార్ కౌన్సిల్ 1995లో మళ్ళీ తెద్దామని చూస్తే, దానికి ఆ అధికారం లేదని వి. సుధీర్ కేసులో 1999లో సుప్రీం కోర్టు కొట్టేసింది. ఇప్పుడున్నది అఖిల భారత బార్ పరీక్ష. 100 ప్రశ్నలు, నాలుగేసి జవాబులు, ఒకదాని మీద గుర్తు పెట్టడం. సాక్షిని అడిగే ప్రశ్న దాంట్లో ఎక్కడ ఇముడుతుంది? జూనియర్ సివిల్ జడ్జి పోస్టులకు మూడేళ్ళ ప్రాక్టీసు ఉండాలని 2025 మే నెలలో సుప్రీం కోర్టు మళ్ళీ అన్నది. మంచిదే. అయితే ఆ మూడేళ్ళలో మా జూనియర్లు చేసే పని నాకు తెలుసు. ఉదయం ఫైళ్ళు మోయడం, పిలుపుకు లేచి వాయిదా అడగడం, సాయంత్రం నకలు దరఖాస్తులు. సివిల్ కేసుల్లో 2002 నుంచి చీఫ్ అంతా అఫిడవిట్టే కాబట్టి సాక్షి చేత నోటితో చెప్పించే అవకాశం అక్కడ అసలే లేదు. క్రాస్ సీనియరు చేస్తారు, లేదా నాకు జరిగినట్టు హఠాత్తుగా చేతిలో పడుతుంది. మూడేళ్ళు ఒడ్డున కూర్చున్నవాడికి ఈత వచ్చిందని ధ్రువపత్రం ఇచ్చినట్టే.

కాబట్టి నా పందెం ఈ చిన్న గుంపుల మీద. కాలేజీ అనుమతి అక్కర్లేదు, నిధులు అక్కర్లేదు. తొమ్మిది మంది, మూడు బల్లలు, ఊళ్ళోంచి నిజమైన సాక్షులు. చట్టం తెలియని సాక్షులు కావాలి. తోటి విద్యార్థిని సాక్షిగా నిలబెడితే వాడు చట్టం చూసుకుని జవాబు చెబుతాడు. పాలు పోసే ఆవిడ చూసుకోదు. ఆవిడ రెండో వారం వచ్చింది. "మీరు అంత దూరం నుంచి మాటలు వినలేరు కదా?" అని అడిగిన కుర్రవాడితో, "నేను వినలేనని నువ్వు ఎంత దూరం నుంచి కనిపెట్టావు బాబూ?" అంది. అతను కూర్చున్నాడు. నేను ఆ పూట నేర్పాల్సిందేమీ మిగల్లేదు.

మొదటి రోజు సంగతి పూర్తి చేస్తాను. సాక్ష్యం అయ్యాక సాక్షికి చదివి వినిపించాలని, అది వేరే భాషలో ఉంటే ఆయనకు అర్థమయ్యే భాషలో చెప్పాలని క్రిమినల్ ప్రొసీజరులో ఉంది. పాత కోడులో 278, ఇప్పుడు బీఎన్ఎస్ఎస్ 313. నిజం కోర్టుల్లో ఇది ఎంత హడావిడిగా జరుగుతుందో చెప్పను, అందరికీ తెలుసు. పిల్లలు మాత్రం పద్ధతిగా చేశారు. జడ్జి అమ్మాయి ఇంగ్లీషు వాక్యాన్ని తెలుగులో చదివింది. తెల్ల చొక్కా వేసుకున్న ముద్దాయి మొదట కొట్టాడు.

పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టాడు. "నేను అలా అనలేదమ్మా."

అమ్మాయి నా వైపు చూసింది. నేను కిటికీలోంచి లారీ వైపు చూశాను. ఆమె కాసేపు ఆలోచించి, టైపు చేసే అబ్బాయితో ఆ వాక్యం కొట్టేయించి, ముద్దాయి మొదట కొట్టాడని మా తమ్ముడు చెప్పగా విన్నాను, నేను చూడలేదు అని రాయించింది. మళ్ళీ తెలుగులో చదివి వినిపించింది. ఆయన తల ఊపి, చేతులు తువ్వాలుకు తుడుచుకుని, కలం అడిగాడు. సంతకం పెట్టడానికి చాలాసేపు పట్టింది. పెట్టాక కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, మా తమ్ముణ్ణి కూడా పిలుస్తారా, వాడు వచ్చే ఆదివారం ఖాళీగానే ఉంటాడు అన్నాడు.